ఉరికితే కడుపులో తిప్పుడు ఎందుకు? తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది

మార్చి రెండో వారంలో ఒకరోజు పొద్దున మా నల్గొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో నాలుగో రౌండ్ మధ్యలో ఆగిపోయి, గోడ దగ్గరికి నడిచి వాంతి చేసుకున్నాను. అంతకు ముందు మూడు వారాలుగా ప్రతిరోజూ అదే వరస. మొదటి రౌండ్ బాగానే ఉంటుంది, రెండో రౌండ్‌లో కడుపు బిగుస్తుంది, మూడో రౌండ్‌కి నోట్లో నీళ్లూరి ఓకారం మొదలవుతుంది, ఇంటికొచ్చాక గంట వరకు టీ వాసన కూడా పడదు. ఆ రోజు మాత్రం కక్కేశాను. పక్కన వాకింగ్‌కి వచ్చిన ఆవిడ వీపు నిమిరి, నీళ్ల బాటిల్ ఇచ్చి, నెమ్మదిగా అడిగింది, "ఏంది టీచరమ్మా, విశేషమా?"

నాకు 38 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ఆడమనిషికి వాంతి అయితే ఆ ఒక్క ప్రశ్నే గుర్తొస్తుందా అని బాధేసింది. కానీ ఆవిడ ప్రేమగానే అడిగింది, ఆవిడ తప్పేం లేదు. ఇంట్లో అత్తమ్మ "పైత్యం చేసింది బిడ్డా, పరగడుపున అల్లం రసం తాగు" అంది. మా ఆయన "నీకు పడతలేదు కదా, నడువు చాలు, ఉరుకుడు ఎందుకు" అన్నాడు. అల్లం రసంతో ఆ పూట వికారం తగ్గిన మాట నిజమే, కానీ మర్నాడు గ్రౌండ్‌లో మళ్లీ అదే.

నేను ఊరుకోకపోవడానికి కారణం మా నాన్న. ఎనిమిదేళ్ల కింద ఆయన పొలం గట్టు ఎక్కేటప్పుడల్లా కడుపులో తిప్పుతోందని, గుండెల్లో మంటగా ఉందని అనేవారు. అందరం గ్యాస్ అనుకున్నాం, సోడా తాగి పడుకునేవారు. చివరికి ఒక రాత్రి చెమటలు పట్టి పడిపోతే హైదరాబాద్ తీసుకెళ్లాం, రెండు స్టెంట్లు వేశారు. ఇప్పుడు బాగున్నారు. కానీ ఆ రెండు నెలలు మేం గ్యాస్ అని కొట్టిపారేసింది గుండెనొప్పినే. అందుకే శ్రమ పడ్డప్పుడు వచ్చే వికారం అంటే నాకు భయం. ముందు డాక్టర్ దగ్గరికే వెళ్లాను.

ఈసీజీ బాగానే ఉంది. షుగర్ లేదు. నడుస్తూ ఛాతీలో బరువుగా ఉంటోందా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకుతోందా, చల్లటి చెమటలు పడుతున్నాయా, వాంతిలో రక్తం పడిందా అని ఒక్కొక్కటే అడిగారు. అవేవీ లేవు. ఆడవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు గుండె జబ్బు ఒక్కోసారి ఛాతీనొప్పి లేకుండా వట్టి వికారంగా, ఆయాసంగా బయటపడుతుందని, అందుకే ఇన్ని అడిగానని చెప్పారు. రక్త పరీక్షలో ఒకటి దొరికింది, హిమోగ్లోబిన్ 9.6. ఆడవాళ్లకు 12 అయినా ఉండాలి. రక్తం పల్చగా ఉంటే అదే పనికి గుండె ఇంకా గట్టిగా కొట్టుకోవాల్సి వస్తుంది, అంటే పక్కవాళ్లకు మామూలు పరుగు నాకు రేసు అన్నమాట. ఐరన్ గోలీలు రాసిచ్చారు. వాటి సంగతి తర్వాత చెప్తాను, ఎందుకంటే అవి కూడా నన్ను ఒక వారం ఏడిపించాయి.

డాక్టర్ చెప్పిన ఇంకో మాట నాకు బాగా పట్టుకుంది. మనం కూర్చుని ఉన్నప్పుడు గుండె పంపే రక్తంలో దాదాపు నాలుగో వంతు కడుపుకి, పేగులకి, కాలేయానికి పోతుందట. గట్టిగా ఉరికేటప్పుడు ఆ రక్తాన్ని శరీరం కాళ్ల కండరాలకి మళ్లిస్తుంది, ఎండలో అయితే ఒళ్లు చల్లబరచడానికి చర్మానికి కూడా పంపాలి. బాగా తీవ్రంగా పరిగెత్తితే కడుపుకి, పేగులకి పోయే రక్తం 80 శాతం దాకా తగ్గిపోవచ్చు. మడి తడుపుతుంటే ఎవరో ఎగువన కాలువ తూము మూసేసినట్టు. అలాంటప్పుడు లోపల అరగని తిండి ఉంటే కడుపు దాన్ని కిందికి పంపలేదు, ఇక మిగిలింది పైకి తోయడమే.

అది విన్నాక నేను ఒక పాత రూళ్ల నోట్‌బుక్ తీశాను. ఏం తిన్నాను, ఎన్ని గంటలకి, ఎన్ని రౌండ్లు, ఎక్కడ మొదలైంది, అంతే. వాంతి అయిన రోజుది గుర్తు చేసుకుని మొదటి పేజీలో రాశాను: "రాత్రి 9:45కి మటన్, అన్నం. పొద్దున లేవగానే లీటరు నీళ్లు. 5:15కి జ్యూస్. 5:35కి గ్రౌండ్. మూడో రౌండ్‌లో తిప్పుడు. నాలుగులో ఆగి గోడ దగ్గర కూర్చోగానే వాంతి." రాసి చూసుకుంటే ఆ నాలుగు లైన్లలోనే సగం జవాబు ఉంది, కానీ అప్పుడు నాకు కనబడలేదు.

జ్యూస్ అంటే బత్తాయి జ్యూస్. మా ఆడబిడ్డ వాళ్లకు నిడమనూరు వైపు బత్తాయి తోట ఉంది, బస్తా నిండా పంపారు. ఉరకబోయే ముందు శక్తి వస్తుందని పెద్ద స్టీలు గ్లాసు నిండా పిండి, మూడు చెంచాల చక్కెర వేసుకుని గటగటా తాగి వెళ్లేదాన్ని. నల్గొండలో పుట్టి బత్తాయిని అనుమానిస్తానా! కానీ తర్వాత తెలిసింది ఏంటంటే, చక్కెర అంత చిక్కగా ఉన్న ద్రవం కడుపులోంచి తొందరగా కిందికి దిగదు, పేగుల్లోకి చేరాక దాన్ని పల్చన చేసుకోవడానికి ఒంట్లో నీటిని లోపలికి లాగుతుంది. రక్తం తక్కువ పడ్డ పేగుకి అది ఇంకో బరువు. పైగా పరగడుపున ఆ పులుపు. దానికి ముందే లీటరు నీళ్లు ఒక్కసారి పోశాను కాబట్టి రెండో రౌండ్‌లో కడుపులో బిందె కదిలినట్టు చప్పుడు నాకే వినిపించేది.

ఒక వారం జ్యూస్ మానేశాను, మిగతావన్నీ అలాగే ఉంచాను. ఒకేసారి అన్నీ మార్చితే దేనివల్ల తగ్గిందో తెలియదని, మా స్కూల్లో సైన్సు చెప్పేది నేనే కాబట్టి, ఆ మాత్రం పట్టుదలగా ఉన్నాను. వికారం సగానికి తగ్గింది, పోలేదు.

మిగతా సగం కనిపెట్టింది గ్రౌండ్‌కి వచ్చే రిటైరైన పీఈటీ సారు. మా గ్రౌండ్‌లో పొద్దున కానిస్టేబుల్ ఉద్యోగాలకి ప్రాక్టీస్ చేసే పిల్లలు చాలామంది వస్తారు. 2022 నోటిఫికేషన్‌లో అబ్బాయిలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, అమ్మాయిలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు పెట్టారు, ఆ లెక్క వాళ్ల నోటి మీద ఉంటుంది. ఆ అమ్మాయిలు నన్ను దాటి పోతుంటే నా కాళ్లు కూడా తెలియకుండానే వేగం అందుకునేవి. సారు ఒకరోజు ఆపి, మణికట్టు పట్టుకుని, వాచీ చూస్తూ 15 సెకన్లు లెక్కపెట్టారు. 43. నాలుగుతో గుణిస్తే 172. మోటు లెక్కలో 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠం వస్తుంది, నాకు 182. "మీరు ఉరుకుతలేరు మేడం, ఆ పిల్లల ఎంబడి పడుతున్నరు. నెల రోజుల కింద మొదలుపెట్టినోళ్లు 172 కొట్టించుకుంటే కడుపు ఊకుంటదా?" అన్నారు.

ఆయన పెట్టిన షరతు ఒకటే, ఉరుకుతూ పక్కనున్న మనిషితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట తెగిందంటే నడవాలి. మొదటి రోజు ఒక రౌండ్‌లో మూడుసార్లు నడిచాను, సిగ్గనిపించింది. కానీ ఆ రోజు వికారం రాలేదు. ఇంకోటి కూడా ఆయనే పట్టుకున్నారు, ఆగగానే కూలబడొద్దని. ఉరికేటప్పుడు పిక్కల కండరాలు రక్తాన్ని పైకి నెడుతుంటాయి, ఠక్కున ఆగితే ఆ రక్తం కాళ్లలోనే నిలిచి, బీపీ పడిపోయి, కళ్లు తిరిగి, కడుపులో తిప్పుతుంది. నేను గోడ దగ్గర కూర్చున్న క్షణంలోనే వాంతి ఎందుకు అయ్యిందో అప్పుడు అర్థమైంది. ఇప్పుడు చివర ఒక రౌండ్ మెల్లగా నడిచాకే కూర్చుంటాను.

ఒంటిపూట బడులు మొదలయ్యాక పొద్దున కుదరక సాయంత్రానికి మార్చుకున్నాను, నాలుగు రోజుల్లో మళ్లీ మొదలైంది. ఏప్రిల్‌లో నల్గొండ ఎండ గురించి ఇక్కడివాళ్లకు చెప్పేదేముంది, సాయంత్రం ఐదున్నరకి కూడా గ్రౌండ్ మట్టి సెగలు కక్కుతుంటుంది. రక్తం కాళ్లకి, చర్మానికి పోగా కడుపుకి ఏం మిగులుతుంది. ఏడు దాటాక వెళ్లడం మొదలుపెట్టాను, మధ్యాహ్నం నుంచే కొంచెం కొంచెం నీళ్లు, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ తాగాను, సర్దుకుంది. మోకాలు నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని పరగడుపున మింగుతున్న నొప్పి గోలీ కూడా అప్పుడే మానేశాను. అవి కడుపు లోపలి పొరని దెబ్బతీస్తాయి, వ్యాయామానికి ముందు వేసుకుంటే ఇంకా ఎక్కువ.

ఇక ఐరన్ గోలీల సంగతి. అన్నీ కుదిరాయి అనుకున్న వారంలోనే మళ్లీ వికారం. నోట్‌బుక్‌లో చూస్తే తిండి అదే, టైం అదే, రౌండ్లు అవే. కొత్తది ఒక్కటే, గ్రౌండ్‌కి పోయే ముందు ఏమీ తినకుండా వేసుకుంటున్న గోలీ. ఖాళీ కడుపున ఐరన్ బాగా ఒంటపడుతుంది కానీ చాలామందికి తిప్పుతుంది కూడా. డాక్టర్‌కి ఫోన్ చేస్తే మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసుకోమన్నారు, టీ మాత్రం వెంటనే తాగొద్దన్నారు, టీ ఐరన్‌ని ఒంటపట్టనివ్వదు. మలం నల్లగా వస్తే కంగారుపడొద్దని, అది గోలీ వల్లేనని చెప్పారు. గోలీ వేసుకోకుండానే తారులా నల్లగా వస్తే మాత్రం వెంటనే రమ్మన్నారు. నిమ్మజాతి పండ్లలోని సి విటమిన్ ఐరన్‌ని బాగా పట్టిస్తుందని కూడా ఆయనే అన్నారు. అలా పొద్దున గ్లాసులోంచి పోయిన బత్తాయి మధ్యాహ్నం గోలీ పక్కకి తిరిగి వచ్చింది, చక్కెర లేకుండా, రెండు ముక్కలు ఒలుచుకుని.

ఇప్పుడు మళ్లీ పొద్దున్నే వెళ్తున్నాను, నా పద్ధతి ఇది: రాత్రి ఎనిమిదిలోపు తిండి, మటన్ ఆదివారం మధ్యాహ్నానికే. కడుపు నిండా తింటే మూడు గంటలు ఆగడం, మరీ నీరసంగా ఉంటే ముప్పావు గంట ముందు సగం అరటిపండు. నీళ్లు గుక్క గుక్కగా. ఐదు రౌండ్లు ఆగకుండా తిరుగుతున్నాను, అంటే రెండు కిలోమీటర్లు.

పోయిన శనివారం అదే గోడ దగ్గర ఒక అమ్మాయి వంగి కక్కుతోంది, కానిస్టేబుల్ ప్రాక్టీస్ పిల్లే. "పొద్దుగాల ఏం తిన్నవ్ బిడ్డా?" అని అడిగాను. "మూడు గుడ్లు, పాలు, నాలుగు అరటిపండ్లు అక్కా." "ఎప్పుడు?" "గిప్పుడే, వచ్చేటప్పుడు." లేపి, చెయ్యి పట్టుకుని, కూర్చోనివ్వకుండా ఒక రౌండ్ నడిపించాను. నడుస్తూనే చెప్పాను, గుడ్లు ఉరికి వచ్చినంక తిను, నీకు ఒక నోట్‌బుక్ ఇస్తాను అని.