చెరువు కట్ట మీద పరీక్ష

దుబాయ్‌లో తొమ్మిదేళ్లు ఓ సూపర్‌మార్కెట్ చేపల కౌంటర్‌లో పనిచేసి, రెండేళ్ల కింద జగిత్యాల దగ్గర మా ఊరికి వచ్చేశాను. పొలుసు తీయడం, ముక్కలు కొట్టడం నిద్రలో లేపి అడిగినా చేస్తాను. పట్టడం మాత్రం రాదు. బాపు బతుకంతా బొంబాయిలోనే గడిచింది, నేర్పేవాళ్లు లేరు. ముదిరాజ్ ఇంట్లో పుట్టి వల విసరరాదంటే నవ్వరా? నవ్వారు.

ఊరి చెరువులో వల వేయాలంటే మత్స్య సహకార సంఘంలో సభ్యత్వం కావాలి. 2016-17 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న చేపపిల్లలు సంఘం పేరు మీదే వస్తాయి, పట్టుబడిలో వాటా సభ్యులకే. దరఖాస్తు, కుల పత్రం, ఫొటోలు, అంతా కలిపి పదిహేను రోజుల పని అనుకున్నాను. కానీ ఆధార్‌లో నా ఇంటిపేరు ఒకలా, పదో తరగతి మెమోలో ఇంకోలా ఉంది. దుబాయ్ పోయేముందు ఏజెంటు ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టిన ఫలితం. మూడు నెలలు పోయాయి. సంఘం తీర్మానానికి ఇంకో రెండు నెలలు. కొత్తవాడు చేరితే వాటా పలచబడుతుందని పాత సభ్యుల బాధ, అందులో తప్పేముంది?

ఆ తర్వాత నైపుణ్య పరీక్ష. నిజంగా చేపలు పట్టేవాడేనా, కాగితం మీద మత్స్యకారుడా అని తేల్చడానికి పెడతారు. ఈత, వల విసరడం, తెగిన వల అల్లడం, తెప్ప నడపడం. తేదీ చెప్పగానే నాకు టెన్షన్ పట్టుకుంది. జగిత్యాలకు పోయి ఒక నైలాన్ వల కొనుక్కొచ్చాను. కన్ను బాగా సన్నం. "ఇందులో అన్నీ పడతయ్" అన్నాడు దుకాణమాయన. అదేదో గొప్ప అనుకున్నాను.

చిన్నాయనకు చూపిస్తే వల కంట్లో వేలు పెట్టబోయాడు. చిటికెన వేలు కూడా దూరలేదు. "ఇది వల గాదురా, దోమతెర. పిల్ల చేపల్ని గూడ మిగల్చదు" అని పక్కన పడేసి, తన వల తెచ్చాడు. దాని కంట్లో మూడు వేళ్లు సులువుగా పట్టాయి.

నెల రోజులు కల్లంలో నేర్చుకున్నాను. నీళ్లలో కాదు, ఎండిన నేల మీద. చిన్నాయన సున్నంతో గుండ్రంగా గీత గీసేవాడు, వల అంచు ఆ గీత మీద పడాలి. వల సగం ఎడమ మోచేతి మీద, కొంత కుడి చేతిలో, అంచు కొస పళ్ల మధ్య. నడుం తిప్పి విసిరే క్షణంలోనే పళ్లు వదలాలి. ముందు వదిలితే వల ముద్దగా పడుతుంది, ఆలస్యమైతే పన్ను ఊడొస్తుంది. ఆ సీసపు గుండ్ల చప్పటి రుచి రాత్రి అన్నం తిన్నా నోట్లోంచి పోయేది కాదు.

పరీక్ష రోజు కట్ట మీద అధికారులు, వీడియో తీసే పిల్లగాడు, సగం ఊరు. ఈత గట్టెక్కింది. థర్మాకోల్ తెప్ప గాలికి రెండుసార్లు గిర్రున తిరిగినా ఒడ్డుకు చేర్చాను. మొదటి విసురు ఉతికిన తువ్వాల ఆరేసినట్టు పడింది, జనం ఈలలు. రెండోది విచ్చుకుంది. వలలో రెండు జిలేబీ చేపలు, ఒక పరక చేప. పాస్.

ఆ పరీక్షలో నన్ను అడగనిది ఒకటుంది: ఏది పట్టకూడదు? చిన్నాయన అది అడక్కుండానే చెప్పాడు. వానాకాలం నీళ్ల మీద ఎర్రటి పిల్లల గుంపు ముద్దగా కదులుతుంటే, కిందే తల్లి కొర్రమట్ట, అంటే కొర్రమీను, కావలి ఉంటుంది. వల వేస్తే దొరకడం ఖాయం. తల్లి పోతే పిల్లలన్నీ ఇతర చేపల పాలే. కొర్రమీను మన రాష్ట్ర చేప అని గోడల మీద రాస్తాం, దాన్ని పట్టేది మాత్రం ఇలా.

దుబాయ్ కౌంటర్‌లో కొన్ని ప్యాకెట్ల మీద నీలం ముద్ర ఉండేది, చేపల సంతతి దెబ్బతినకుండా పట్టినవని గుర్తు. మన దేశంలో ఆ గుర్తింపు మొదట 2014లో కేరళ అష్టముడి సరస్సులో దొరికే క్లామ్ అనే గుల్లలకు వచ్చింది. మా చెరువుకు అలాంటి ముద్ర ఎవరిస్తారు? మాది సగం పెంపకం, సగం వేట. పిల్లల్ని పోస్తాం, మేత వేయం. బొచ్చె, రవ్వ చేపలు పారే నదిలోనే గుడ్లు పెడతాయి, నిలవ నీటిలో పెట్టవు. అందుకే వాటిని ఏటా పోయాల్సిందే. పరక, జెల్ల, కొర్రమట్టలకు ఎవరూ పిల్లలు పోయరు. కొత్త నీరు రాగానే వాటంతట అవే ఎదురెక్కి గుడ్లు పెడతాయి. సరిగ్గా అప్పుడే మత్తడి (చెరువు నిండితే నీరు పొర్లే అలుగు) దగ్గర సన్న వలలు కడతారు.

సభ్యుడినయ్యాక మొదటి మీటింగులోనే గుడ్లు పెట్టే చేపల్ని, పిల్లల్ని వదిలేద్దామని మాట ఎత్తాను, తొందరపాటే. "ఎండకాలం చెరువు ఎండితే నువ్వు వదిలినయన్ని కొంగలు తింటయ్, సంఘం తింటదా?" అన్నాడు ఒక పెద్దమనిషి. ఆయన మాటలో నిజముంది. పైగా దళారి దగ్గర ముందే పైసలు తెచ్చుకున్నవాళ్లు చేప కిలోకు ఎదిగేదాకా ఎలా ఆగుతారు? గంటన్నర గొడవ తర్వాత రెండు మాటలకు ఒప్పుకున్నారు. కొత్త నీళ్లొచ్చిన మొదటి పదిహేను రోజులు మత్తడి దగ్గర ఎవరూ వల కట్టొద్దు. తూము దగ్గరి లోతు మడుగును చివరిదాకా ముట్టొద్దు. దళారి అప్పుల సంగతి అలాగే ఉండిపోయింది.

చేపపిల్లలు వచ్చిన రోజు సంచులను పావుగంట నీళ్ల మీద తేలనిచ్చి, రెండు నీళ్ల వేడి ఒకటయ్యాక మూతి విప్పాం. వేలి కణుపంత పిల్లలు. ఒక జాలి గిన్నెలో ఎన్నున్నాయో నేనే లెక్కపెట్టాను. రెండుసార్లు లెక్క తప్పితే చిన్నాయన తిట్టాడు.

జగిత్యాలలో కొన్న నా వల ఇప్పుడు మా కోళ్ల గూటి చుట్టూ ఉంది.