గొంతు పోయిన ఆదివారం

నాలుగు రోజుల జలుబు ఇవాళ్టికి గొంతులోకి దిగింది. పొద్దున అమ్మ వీడియో కాల్ చేస్తే "ఊఁ" అందామన్నా గాలి తప్ప ఏం రాలేదు. "మిరియాల పాలు తాగు నాన్నా, ఆ చలిలో తిరక్కు" అని తనే మాట్లాడి, నా తరఫున సమాధానాలు కూడా తనే చెప్పుకుని ఫోన్ పెట్టేసింది.

ఒంటిగంటకి లాండ్రీ రూమ్ బుక్ చేసుకున్నా కాబట్టి తిరక్క తప్పలేదు, బట్టల సంచి భుజాన వేసుకుని బేస్‌మెంట్‌కి దిగాను. స్టాక్‌హోమ్‌లో మా అపార్ట్‌మెంట్ మొత్తానికి ఉన్నది ఆ ఒక్క రూమే, మూడు గంటలు నీవి, ఆ తర్వాత పది నిమిషాలు ఎక్కువున్నా మర్నాడు తలుపు మీద ఎవరో ఒకరు కాగితం అంటిస్తారు, పేరు రాయరు గానీ ఎవరి గురించో అందరికీ తెలుస్తుంది. మాట్లాడే పని ఎలాగూ లేదని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కటటోనియా అనే మెటల్ బ్యాండ్ పాత ఆల్బమ్స్ మొదట్నుంచి వరసగా వేశాను.

ఈ ఊరి బ్యాండే. 1991లో యోనాస్ రెంక్సె, ఆండర్స్ నీస్ట్రోమ్ అనే ఇద్దరు కుర్రాళ్లు మొదలుపెట్టారు. నాకు మాత్రం ఇంజనీరింగ్ హాస్టల్లో మా బావ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో దొరికింది. అప్పట్లో నేను బాత్రూమ్‌లో బకెట్ నిండే చప్పుడు చాటున గ్రోల్, అంటే మెటల్ పాటల్లో గొంతు లోపల్నుంచి గర్జించడం, ప్రాక్టీస్ చేస్తుంటే, ఎవరికో వాంతులవుతున్నాయనుకుని పక్క రూమ్ వాడు వార్డెన్‌ని పిలుచుకొచ్చాడు. అంతటితో నా మెటల్ కెరీర్ అయిపోయింది.

బావ ఇప్పటికీ అదే పాట. "1996 తర్వాత డబ్బుకి అమ్ముడుపోయార్రా వాళ్లు, అంతా రేడియో రాక్." నేనూ చాలా ఏళ్లు అదే అన్నాను, బావ అన్నాడు కాబట్టి.

కానీ జరిగింది వేరు. 1993లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో డ్రమ్స్ వాయిస్తూ, ఆ అరుపులన్నీ అరిచింది రెంక్సెనే. తర్వాత అతని గొంతు ఆ పని చెయ్యనంది. 1996లో 'బ్రేవ్ మర్డర్ డే' చేసేటప్పుడు గ్రోల్ కోసం ఓపెత్ బ్యాండ్ నుంచి స్నేహితుడు మికాయెల్ ఓకర్‌ఫెల్ట్‌ని పిలవాల్సొచ్చింది. (ఆ ఓకర్‌ఫెల్ట్ కూడా 2011లో ఓపెత్ ఆల్బమ్స్‌లో గ్రోల్ మానేసి, మళ్లీ 2024లో గానీ ఎత్తుకోలేదు, అది వేరే కథ.) అంత గర్జనల మధ్యలో, ఆల్బమ్ నడిమికి వచ్చేసరికి, ఉన్నట్టుండి ఒక పాట, గిటార్లు తగ్గిపోయి, రెంక్సె మామూలు గొంతుతో, అదీ కొంచెం భయంభయంగా, పాడతాడు. హాస్టల్లో దాన్ని ఎప్పుడూ స్కిప్ కొట్టేవాణ్ణి. ఇవాళ అది మొదలయ్యేసరికి డ్రయ్యర్ జాలీకి అంటుకున్న నూగు వేలితో వొలుస్తున్నాను, బూడిదరంగు దుప్పటి ముక్కలా మొత్తం ఒక్కసారే వచ్చింది, అది చేత్తో పట్టుకుని అలాగే నిలబడి పాట చివరిదాకా విన్నాను. చెత్తడబ్బా పక్కనే ఉంది, పడెయ్యాలన్న ధ్యాస లేదు.

రెండేళ్లకి 1998లో వచ్చిన ఆల్బమ్ మొత్తం ఆ గొంతే. పది నిమిషాల పాటలు పోయి నాలుగు నిమిషాల పాటలొచ్చాయి. ఆ మరుసటి ఏడాది జెఫ్ బక్లీ అనే రాక్ గాయకుడి పాట ఒకటి కవర్ చేశారు, బావకి అప్పుడే ఒళ్లు మండింది. అరవలేనివాడు పాడటం నేర్చుకున్నాడు, పాడుతూ పాడుతూ రాక్ వైపు జరిగిపోయాడు, ఇందులో అమ్ముడుపోవడం ఎక్కడుందో నాకైతే కనపళ్లేదు. గర్జించేవాణ్ణి వేరే ఎవర్నైనా పెర్మనెంట్‌గా పెట్టుకోవచ్చుగా అంటాడు బావ. పెట్టుకోవచ్చు. అప్పుడు ఆ నడిమి పాట పాడినవాడు డ్రమ్స్ వెనకాలే ఉండిపోయేవాడు.

అలాగని బావ మాటలో అసలు పస లేదని కాదు. నా లెక్కలో 2001 ఆల్బమ్ దగ్గర అన్నీ కుదిరాయి, ఈ మధ్యవి మాత్రం మరీ నున్నగా ఉన్నాయి, ఒక పాట ఎక్కడ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియదు. 2025లో నీస్ట్రోమ్ కూడా వెళ్లిపోయాడు. మొదలుపెట్టిన ఇద్దరిలో మిగిలింది ఆ గొంతు పోయినవాడే.

నాలుగైంది. తలుపు తీస్తే ఒక పెద్దావిడ నీలం సంచీతో నిలబడి గడియారం చూసుకుంటోంది. సారీ చెబుదామని నోరు తెరిస్తే బొంగురుగా ఏదో చప్పుడొచ్చింది. ఆవిడ ఒకడుగు వెనక్కి వేసింది, హాస్టల్ వార్డెన్ గుర్తొచ్చాడు. గొంతు చూపించి సైగ చేస్తే నవ్వి, సంచీ జేబులోంచి లైకోరిస్ (అతిమధురం) బిళ్ల ఒకటి తీసిచ్చింది. ఉప్పు వేసిన రకం. అది నోట్లో పెట్టుకుని, ముఖం మార్చకుండా మూడంతస్తులు ఎక్కాను.

బావకి ఆ నడిమి పాట లింక్ పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, గంట తర్వాత రిప్లై వచ్చింది: "పాట సరే, గొంతు బాలేదంట, అత్త చెప్పింది. పెరుగు మానెయ్."

సాక్సులు లెక్కపెడితే ఒకటి తక్కువ. కిందే ఉండిపోయినట్టుంది, ఇప్పుడు వెళ్లి తలుపు కొట్టే ధైర్యం నాకు లేదు.