రెండు వందల రూపాయల ప్రశ్న

2019 వేసవిలో ఢిల్లీ వెళ్ళేముందు మా పెద్దమ్మను చూడటానికి ఊరు వెళ్ళాను. మాది విజయనగరం జిల్లాలో చిన్న పల్లె. కొత్తగా గెలిచిన ఒక లోక్‌సభ సభ్యుడి దగ్గర పార్లమెంటు పనులు చూసే సహాయకురాలిగా చేరబోతున్నానని చెప్పాను. ఆమె కొంతసేపు ఆలోచించి, "నాకు వచ్చే పింఛనులో ఢిల్లీ వాళ్ళ వాటా ఎంతమ్మా?" అని అడిగింది. నాకు తెలియదు. రాజనీతి శాస్త్రంలో పట్టా పుచ్చుకున్నదాన్ని, ఆ చిన్న లెక్క నాకు తెలియలేదు.

ఢిల్లీ చేరాక వెతికాను. వృద్ధాప్య పింఛనుకు కేంద్రం ఇచ్చేది జాతీయ సామాజిక సహాయ పథకం కింద. 1995 ఆగస్టు 15న మొదలైనప్పుడు నెలకు 75 రూపాయలు. 2006లో 200 చేశారు. 2011లో అర్హత వయసును 65 నుంచి 60కి దించి, 80 దాటినవారికి 500 ఇచ్చారు. మిగిలినవారికి 200 అలాగే ఉండిపోయింది. మా రాష్ట్రంలో 2019 జులై నుంచి పింఛను 2,250 రూపాయలైంది. కేంద్ర జాబితాలో పేరున్నవారికి అందులో ఢిల్లీ నుంచి వచ్చేది ఆ 200 మాత్రమే. పైగా ఒక్కో రాష్ట్రంలో ఎంతమందికి ఇవ్వాలన్న పరిమితి కూడా ఉంది. దాన్ని దాటితే భారమంతా రాష్ట్రానిదే. సొంత ఖజానా నుంచి పెద్దగా కలపలేని రాష్ట్రాల్లో ఆ 200 చుట్టూనే ముసలివాళ్ళ నెల తిరుగుతుంది.

దీని మీద మంత్రిని అడగాలని నిశ్చయించుకున్నాను. అడగడమంటే లేచి మాట్లాడటమే అనుకునేదాన్ని అప్పటికి. పూర్తిగా ఒక ప్రశ్న సభలో వినబడటానికి దాదాపు రెండేళ్ళు పట్టింది.

లోక్‌సభలో రోజూ తొలి గంట, 11 నుంచి 12 వరకు, ప్రశ్నోత్తరాల సమయం. ప్రశ్నల్లో నక్షత్ర గుర్తు ఉన్నవాటికి మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, ఆ జవాబు మీద అనుబంధ ప్రశ్నలు, అంటే ఎదురు ప్రశ్నలు, వేయవచ్చు. అవి రోజుకు 20. గుర్తు లేనివాటికి రాతపూర్వక జవాబు మాత్రమే. అవి 230. మంత్రిత్వ శాఖలన్నిటినీ ఐదు గుంపులు చేసి వారంలో ఐదు రోజులకు పంచుతారు. ఆ రోజు దాటితే ఆ శాఖను మళ్ళీ అడిగేది వచ్చే వారమే. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఒక సభ్యుడు ఒక రోజుకు ఐదు నోటీసుల వరకు ఇవ్వవచ్చు. వచ్చినవాటికి లాటరీ తీసి వరుస తేలుస్తారు. ఈ ఐదారు వాక్యాలను నేను నేర్చుకున్నది పుస్తకంలో కాదు, ఒక్కోదానికీ ఒక్కో నోటీసు పోగొట్టుకుని.

నా మొదటి చిత్తుప్రతిలోని ప్రధాన వాక్యం ఇప్పటికీ గుర్తుంది. "నెలకు 200 రూపాయలతో ఒక వృద్ధురాలు ఎలా బతకగలదో మంత్రి గారు చెప్పగలరా?" ఎంపీ గారు చదివి, బాగుందమ్మా అని సంతకం పెట్టారు. అది తిరస్కరణకు గురైంది.

మా ఎంపీ గారి క్వార్టర్స్ వరుసలోనే మరో ఎంపీ దగ్గర ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న పెద్దాయన ఒకరుండేవారు. నెల్లూరు నుంచి వచ్చి ఢిల్లీలో స్థిరపడినవారు. బాబాయి గారూ అని పిలిచేదాన్ని. తిరిగొచ్చిన కాగితం చూపిస్తే ఆయన లోక్‌సభ నియమావళి తెరిచి, 41వ నియమం నా చేతే గట్టిగా చదివించారు. ప్రశ్నలో వాదన ఉండకూడదు. ఊహ, వ్యంగ్యం, ఆరోపణ, విశేషణాలు ఉండకూడదు. మంత్రి అభిప్రాయం అడగకూడదు. 150 మాటలు మించకూడదు. ఇప్పటికే జవాబు వచ్చినదాన్ని మళ్ళీ అడగకూడదు.

"నువ్వు రాసింది ఉపన్యాసంలో వాక్యం తల్లీ," అన్నారాయన. "చప్పట్లు వస్తాయి. కానీ దానికి మంత్రి ఏ లెక్కా ఇవ్వనక్కర్లేదు. 'ప్రభుత్వం పేదల సంక్షేమానికి కట్టుబడి ఉంది' అంటే సరిపోతుంది. నీ కోపాన్ని ప్రశ్నలో పెట్టకు. కోపం వచ్చిన చోట ఏ అంకె దాగి ఉందో, ఆ అంకెను అడుగు."

ఆ రాత్రి పడుకోలేదు. నిజానికి నాకు బాధ కలిగింది. ముసలివాళ్ళ ఆకలి గురించి అడిగితే విశేషణాలున్నాయని తిప్పిపంపడమా అనిపించింది. తర్వాత ఆ నియమాన్ని పదిసార్లు చదివాను. ఆ నియమం ప్రశ్నను బలహీనపరచదు, మంత్రి తప్పించుకునే దారులను మూస్తుంది. అభిప్రాయం అడిగితే అభిప్రాయమే వస్తుంది. తేదీ అడిగితే తేదీ చెప్పాలి.

రెండో ప్రయత్నం 2019 శీతాకాల సమావేశాల్లో. ఈసారి ప్రశ్నను ముక్కలుగా విడదీశాను. (అ) వృద్ధాప్య పింఛనులో కేంద్ర వాటాను పెంచే ప్రతిపాదన ఏదైనా ఉందా? (ఆ) ఉంటే, వివరాలేమిటి? (ఇ) ఎప్పటిలోగా అమలు చేస్తారు? నక్షత్ర గుర్తు కోరుతూ ఇచ్చాం. లాటరీలో వెనకపడి, గుర్తు లేని జాబితాలోకి వెళ్ళింది. అయినా జవాబు వస్తుంది కదా అని ఎదురుచూశాను. వచ్చింది. (అ)కు, ప్రస్తుతం అలాంటి ప్రతిపాదన లేదు. (ఆ), (ఇ)లకు, ప్రశ్న ఉత్పన్నం కాదు.

నేనే తలుపు తెరిచిపెట్టాను. "ఉంటే" అని మాత్రమే అడిగి, "లేకపోతే కారణాలేమిటి" అని అడగలేదు. మూడు ముక్కల్లో రెండు ఒక్క మాటతో రాలిపోయాయి. అప్పటినుంచి ఏ ప్రశ్న రాసినా ముందు మంత్రి స్థానంలో కూర్చుని, నేనైతే దీన్నుంచి ఎలా తప్పించుకుంటానో రాసుకునేదాన్ని. ఆ తర్వాతే ప్రశ్నను సరిదిద్దేదాన్ని.

ఆ సమావేశాల్లోనే, నవంబరు 27న, ఒక అపురూపమైన సంగతి జరిగింది. జాబితాలోని 20 నక్షత్ర ప్రశ్నలూ ఒకే రోజు చేపట్టగలిగారు. 1972 తర్వాత అది మొదటిసారి అన్నారు. మామూలు రోజుల్లో నాలుగైదు ప్రశ్నలు ముగిసేసరికే గంట గడిచిపోతుంది. అందుకే 15వ నంబరులో నక్షత్ర ప్రశ్న వస్తే సంబరపడకూడదని బాబాయి గారు ముందే హెచ్చరించారు.

మా ఎంపీ గారి గురించి ఒక మాట చెప్పాలి. తాను చదవని కాగితం మీద ఆయన సంతకం పెట్టేవారు కారు. విసుగనిపించేంతగా ప్రతి మాటా అడిగేవారు. కారణం ఒకరోజు ఆయనే చెప్పారు. ప్రశ్నలు అడగడానికి డబ్బు పుచ్చుకున్నారన్న ఆరోపణ మీద 2005 డిసెంబరులో 11 మంది ఎంపీలను ఉభయ సభలూ బహిష్కరించాయి. "ప్రశ్న నా పేరు మీద వెళ్తుంది. అది ఎవరి కోసమో నాకు తెలిసి ఉండాలి," అన్నారు. ఈ ప్రశ్న ఎవరి కోసమో అప్పుడు చెప్పాను. పెద్దమ్మ గురించి. ఆయన నవ్వలేదు. "ఆమె పేరు ఎక్కడా రాయకు, కానీ ప్రతిసారీ ఆమెకు అర్థమవుతుందో లేదో చూసుకుని రాయి," అన్నారు.

2020 మార్చిలో లాటరీలో మా పేరు వచ్చింది. నక్షత్ర ప్రశ్న. కానీ ఆ రోజు సభ నిమిషాల్లో వాయిదా పడింది. పిలుపు రాని నక్షత్ర ప్రశ్నకు జవాబు రాతపూర్వకంగా సభ ముందు ఉంచినట్టు లెక్క. అనుబంధ ప్రశ్నలు అడిగే అవకాశం పోయింది. గట్టిగా తలుపు వేసిన చప్పుడు విన్నట్టయింది నాకు.

ఆ తర్వాత కరోనా వచ్చింది. సెప్టెంబరులో జరిగిన వర్షాకాల సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయాన్నే తీసేశారు. రాతపూర్వక జవాబులు మాత్రం కొనసాగాయి. లాక్‌డౌన్‌లో ఊళ్ళకు నడిచి వెళ్తూ ఎంతమంది వలస కూలీలు చనిపోయారు, వారి కుటుంబాలకు పరిహారం ఇచ్చారా అని సెప్టెంబరు 14న సభ్యులు అడిగారు. అలాంటి వివరాలు నిర్వహించడం లేదనీ, కాబట్టి పరిహారం ప్రశ్న ఉత్పన్నం కాదనీ కార్మిక శాఖ జవాబిచ్చింది. ఆ కాగితం చదువుతుంటే చేతులు వణికాయి. ఆ గంట ఉండి ఉంటే కనీసం ఒక్క సభ్యుడైనా లేచి, వివరాలు ఎందుకు నిర్వహించలేదు, ఏ అధికారి బాధ్యత అది అని ముఖాముఖి అడిగేవాడు. రాత జవాబుకు ఎదురు ప్రశ్న వేయలేం. నక్షత్ర గుర్తు విలువ నాకు ఆ రోజు నిజంగా తెలిసింది.

ఎదురు ప్రశ్న వేసే హక్కు ఊరికే రాలేదు. 1892 చట్టంతో బ్రిటిష్ కాలపు మండలుల్లో ప్రశ్న అడిగే వీలు వచ్చింది, అనుబంధ ప్రశ్నకు మాత్రం వీలు లేదు. 1909లో అదీ మొదట ప్రశ్న వేసిన సభ్యుడికే ఇచ్చారు. స్వతంత్ర భారతంలో ఆ హక్కు ఏం చేయగలదో 1957లో దేశం చూసింది. జీవిత బీమా సంస్థ డబ్బును వ్యాపారి హరిదాస్ ముంధ్రాకు చెందిన కంపెనీల వాటాల్లో పెట్టడం మీద సెప్టెంబరులో రామ్ సుభగ్ సింగ్ అడిగారు. సూటి జవాబు రాలేదు. డిసెంబరులో ఫిరోజ్ గాంధీ ఆ విషయాన్ని పట్టుకుని లాగారు. న్యాయమూర్తి చాగ్లా విచారణ జరిగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ప్రశ్న వేసిందీ, దాన్ని వదలకుండా పట్టుకున్నదీ అధికార పక్షం సభ్యులే. అప్పుడు సభాపతి స్థానంలో ఉన్నది తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ఈ కథ బాబాయి గారు ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు పుట్టలేదు.

2020లో శీతాకాల సమావేశాలే జరగలేదు. 2021 బడ్జెట్ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయం తిరిగి వచ్చింది. మార్చిలో మా ప్రశ్నకు మళ్ళీ నక్షత్రం దక్కింది, జాబితాలో నాలుగో స్థానం. ఈసారి ముక్కలు ఇవి: (అ) కేంద్ర వాటా చివరిసారి ఏ సంవత్సరం, ఎంతకు సవరించారు, (ఆ) రాష్ట్రాలవారీగా లబ్ధిదారుల పరిమితి ఎంత, దానికి ఏ సంవత్సరపు లెక్కలు ఆధారం, (ఇ) పెంచాలని స్థాయీ సంఘం సిఫారసు చేసిందా, చేస్తే తీసుకున్న చర్య ఏమిటి, (ఈ) తీసుకోకపోతే కారణాలేమిటి. స్థాయీ సంఘమంటే శాఖల పనిని పరిశీలించే ఎంపీల కమిటీ. ప్రశ్నలో విశేషణం ఒక్కటి లేదు. పెద్దమ్మకు ఫోనులో చదివి వినిపించాను. "ఏ సంవత్సరం అని అడిగావు చూడు, అది బాగుంది," అంది.

అనుబంధ ప్రశ్నల కోసం వారం రోజులు కూర్చున్నాం. ప్రధాన సభ్యుడికి రెండు దొరుకుతాయి. మంత్రి దగ్గర అధికారులు తయారుచేసిన లావుపాటి దస్త్రం ఉంటుంది, రాగల ప్రశ్నలన్నిటికీ జవాబులతో. అందులో లేనిది అడగాలి. పీఠిక పెద్దదైతే సభాపతి మధ్యలోనే ప్రశ్న అడగమంటారు. నేను ఆరు వాక్యాలు రాస్తే ఎంపీ గారు రెండు చేశారు. గడియారం పెట్టుకుని చదివి చూసుకున్నారు.

కరోనా వల్ల సందర్శకుల గ్యాలరీకి పాసులు లేవు. ఎంపీ గారి క్వార్టర్స్‌లో టీవీ ముందు నేనూ బాబాయి గారూ కూర్చున్నాం. మూడో ప్రశ్న సాగుతూనే ఉంది. 11.40 దాటింది. నా చూపు గడియారం మీదే. చివరికి మా నంబరు పిలిచారు. జవాబును సభ ముందు ఉంచుతున్నట్టు మంత్రి చెప్పారు. మొదటి అనుబంధ ప్రశ్నకు రాష్ట్రాలు తమ వంతు కలుపుకోవచ్చన్న పాత జవాబే వచ్చింది. రెండోది ఎంపీ గారు నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా అడిగారు. స్థాయీ సంఘం సిఫారసును అమలు చేస్తే ఏటా అదనంగా ఎంత ఖర్చవుతుందో శాఖ లెక్క కట్టిందా? కడితే ఆ మొత్తం ఎంత? కట్టకపోతే ఏ ఆధారంతో నిర్ణయం తీసుకున్నారు?

మంత్రి దస్త్రం తిరగేశారు. తర్వాత, ఆ వివరాలు సేకరించి సభ్యుడికి అందజేస్తామన్నారు.

నాకు నిరాశ కలిగింది. బాబాయి గారు మాత్రం నా భుజం తట్టారు. "హామీ ఇచ్చారమ్మా!" అన్నారు. సభలో మంత్రి అన్న ఆ మాట నీటి మీద రాత కాదు. ప్రభుత్వ హామీల కమిటీ దాన్ని తన పట్టికలో రాసుకుంటుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే గడువు పొడిగించమని శాఖే అడగాలి. కమిటీ ఆ హామీని ఊరికే వదిలిపెట్టదు.

మూడు నెలలు దాటింది. ఎంపీ గారి చేత రెండు లేఖలు రాయించాను. చివరికి జవాబు వచ్చింది, వెనుక రాష్ట్రాలవారీ పట్టికతో. మొత్తం అంకె అందులో లేదు. కానీ పరిమితి ఒక నిలువు వరుసలో, పింఛను అందుకుంటున్నవారి సంఖ్య దాని పక్క వరుసలో ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఎన్ని రాష్ట్రాలు పరిమితి అంచున ఆగిపోయాయో ఎవరికైనా తెలుస్తుంది.

నేను ఆ పని వదిలి ఊరికి తిరిగి వచ్చేనాటికి కూడా కేంద్రం వాటా 200 దగ్గరే ఉంది. వచ్చేముందు నా తర్వాత చేరిన అమ్మాయికి ఒక దస్త్రం అప్పగించాను. తిరస్కరించిన కాగితం, 'ఉత్పన్నం కాదు' అన్న జవాబు, సభ ముందు ఉంచిన జవాబు, ఆ పట్టిక, వాటి మీద నేను రాసిపెట్టిన కొత్త ప్రశ్న చిత్తుప్రతి అన్నీ అందులో ఉన్నాయి. చిత్తుప్రతిలోని (అ) భాగం పట్టికలోని ఆ రెండు నిలువు వరుసల తేడాతో మొదలవుతుంది.