క్రోమ్‌లో లూపు, ఫైర్‌ఫాక్స్‌లో ఓకే: 301 ఎక్కడ దాక్కుందో దొరికింది

దొరికేసిందండీ ఎట్టకేలకి! పద్యాల సైట్‌ని పాత హోస్టింగ్ నుంచి ఇంట్లో ఉన్న రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మీదకి మార్చా, హెచ్‌టీటీపీఎస్‌కి కావాల్సిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్, మారిపోయే ఇంటి ఐపీ అడ్రస్‌కి డొమైన్ పేరు కట్టిపెట్టే డైనమిక్ డీఎన్‌ఎస్ అన్నీ చకచకా కుదిరాయి, ఫైర్‌ఫాక్స్‌లో సైట్ హాయిగా వస్తోంది, క్రోమ్ మాత్రం టూ మెనీ రీడైరెక్ట్స్ అని మొండికేసింది.

పాత హోస్టింగ్‌లో ఉత్త డొమైన్ (ముందు ట్రిపుల్ డబ్ల్యూ లేనిది) కొడితే ట్రిపుల్ డబ్ల్యూకి 301తో, అంటే ఈ అడ్రస్ శాశ్వతంగా మారింది, అటు వెళ్ళు అని సర్వర్ చెప్పే కోడ్‌తో, పంపేవాళ్ళు, ఇప్పుడు నాది దానికి రివర్స్, ట్రిపుల్ డబ్ల్యూ కొడితే ఉత్త డొమైన్‌కి పోవాలి. కర్ల్ అనే కమాండ్ లైన్ టూల్‌తో చూస్తే ఒకే ఒక్క 301, వెంటనే 200, అంటే పేజీ సరిగ్గా వచ్చేసినట్టే. ముందు హెచ్‌ఎస్‌టీఎస్ (ఈ సైట్‌ని హెచ్‌టీటీపీఎస్‌లోనే తెరవాలని బ్రౌజర్ గుర్తుపెట్టుకోవడం) మీద అనుమానపడ్డా, అది చూసుకునే క్రోమ్ నెట్ ఇంటర్నల్స్ పేజీలో వెతికితే మా డొమైన్ అసలు లేదు. ఇన్‌కాగ్నిటోలో సైట్ వచ్చేస్తోంది, అప్పుడు క్యాష్ (బ్రౌజర్ దాచుకునే పాత జవాబులు) వైపు బుర్ర తిరిగింది.

నా వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ మామూలు లాగ్‌లో హోస్ట్ పేరు ఉండదు కదా, లాగ్ ఫార్మాట్‌కి హోస్ట్ వేరియబుల్ కలిపి మళ్ళీ చూశా. క్రోమ్ నుంచి ట్రిపుల్ డబ్ల్యూకి ఒక్క లైను, ఉత్త డొమైన్‌కి సున్నా. రెండోసారి రీలోడ్ కొడితే ఆ ఒక్క లైను కూడా లేదు! అంటే పాత హోస్టింగ్ ఇచ్చిన 301 ఎప్పట్నించో డిస్క్ క్యాష్‌లో ఉంది, నా కొత్త 301 కూడా దాని పక్కన చేరింది, ఇక క్రోమ్ సర్వర్ మొహం చూడకుండా ఆ రెంటి మధ్యే 20 సార్లు తిరిగి ఎర్రర్ ఇచ్చేస్తోంది. డెవ్‌టూల్స్‌లో ఫ్రమ్ డిస్క్ క్యాష్ అని పక్కనే రాసుంది, డిసేబుల్ క్యాష్ టిక్ పెడితే వెంటనే 200.

ఫైర్‌ఫాక్స్‌లో కూడా పాత 301 ఉండాలి, కానీ లాగ్‌లో ట్రిపుల్ డబ్ల్యూ, తర్వాత ఉత్త డొమైన్ రెండూ కనిపించాయి. క్యాష్‌లోంచి తీసిన అడ్రస్ అదే వరసలో మళ్ళీ ఎదురైతే అది సర్వర్‌ని అడుగుతుందని నా అంచనా, నాకైతే ఈ పద్ధతే నచ్చింది. ఐఫోన్ సఫారీలో సైట్ ఇంతకుముందెప్పుడూ తెరవలేదు, అందుకే అక్కడ గొడవే లేదు.

హెచ్‌టీటీపీ ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 9110 ప్రకారం శాశ్వత రీడైరెక్ట్‌లు 301, 308 రెంటినీ ఏ హెడర్ లేకపోయినా బ్రౌజర్ దాచుకోవచ్చు, తాత్కాలికమైనవి 302, 307 మనం చెప్తేనే. అపాచీ వెబ్ సర్వర్‌లో రీడైరెక్ట్ అని ఊరికే రాస్తే 302 వెళ్తుంది, అది మంచి డిఫాల్ట్. క్యాడీ అనే ఇంకో సర్వర్ హెచ్‌టీటీపీఎస్‌కి తనంతట తనే 308 వేస్తుంది, సెటప్ తేలికేగానీ ఆ ఒక్కటీ నాకు మింగుడుపడదు.

నా క్రోమ్ బాగైంది, పాత పాఠకుల క్యాష్‌ని మనం తుడవలేం కదా, అందుకని ట్రిపుల్ డబ్ల్యూలో రీడైరెక్ట్ తీసేసి పేజీలే 200తో ఇస్తున్నా, అసలు అడ్రస్ ఏదో సెర్చ్ ఇంజిన్లకి చెప్పే క్యానానికల్ ట్యాగ్ పెట్టి. కొత్త 301 కూడా పట్టేసుకున్న వాళ్ళకి ఇది అందదు, పాత 301 ఒక్కటే ఉన్నవాళ్ళకి చాలు. ఈ వారాంతం ఆ పేజీలోంచి ఉత్త డొమైన్‌కి క్యాష్ రీలోడ్‌తో (దాచింది వదిలేసి సర్వర్‌నే అడిగేలా) జావాస్క్రిప్ట్ ఫెచ్ ఒకటి కొట్టించి చూడాలి, ఆ పాత ఎంట్రీ మీద కొత్త 200 పడితే మళ్ళీ రీడైరెక్ట్ పెట్టొచ్చు, ఈసారి 302, దాచుకోవద్దని చెప్పే నో స్టోర్‌తో. ఆ తర్వాత ఐపీవీ6 పని ఉంది.