కాదన్నవాళ్ళు కారణం చెప్పాలి

"అమెరికాలో నువ్వు చేసే ఉద్యోగం ఇదేనా అమ్మా? ఎవరికీ రూపాయి బాకీ లేనివాడికి అప్పు పుట్టకుండా చూడటమా?"

సెలవుకి విశాఖ వచ్చి, గాజువాకలో బాబాయ్ వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నప్పుడు బాబాయ్ అన్న మాట ఇది. బాబాయ్‌ది ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. ఇన్‌కంటాక్స్ రిటర్నులు తప్పకుండా వేస్తాడు. చీటీ డబ్బు ఏ నెలా ఆపలేదు. లోను అన్నది ఎప్పుడూ తీసుకోలేదు. కార్డు మీద సరుకు కొంటే నెలాఖరు దాకా కాస్త వెసులుబాటు దొరుకుతుందని మొదటిసారి క్రెడిట్ కార్డుకి అప్లై చేశాడు. బ్యాంకు అంతర్గత విధానం ప్రకారం ఇవ్వలేమని ఫోనుకి ఒక మెసేజ్ వచ్చింది. అంతకుమించి ఒక్క ముక్క లేదు.

నేను డెలవేర్ రాష్ట్రంలో విల్మింగ్టన్‌లో ఉంటాను. 1981లో ఆ రాష్ట్రం వడ్డీల మీద పరిమితులు ఎత్తేశాక కార్డుల వ్యాపారం అక్కడికి తరలివచ్చింది. అలాంటి ఒక కంపెనీలో, ఎవరికి కార్డు ఇవ్వాలి, ఎంత లిమిట్ ఇవ్వాలి అన్న రూల్స్ రాసే టీమ్‌లో పనిచేస్తున్నాను. అందుకే ఆ మాట గట్టిగా తగిలింది. పెరుగన్నం దగ్గర నోటికి రానివన్నీ ఇప్పుడు రాస్తున్నాను.

మా దగ్గర ఎవరూ మనిషి ముఖం చూసి కాదనరు. ఒక నెలలో ఇచ్చిన కార్డులన్నీ ఒక గుంపు. ఆ గుంపులో ఎంతమంది గడువు దాటి 30 రోజులు కట్టలేదు, ఎంతమంది 60, 90 దాటారు అన్నది అంతకుముందు గుంపుల పక్కన పెట్టి చూస్తాం. కొత్త గుంపు పాతవాటికన్నా తొందరగా బాకీ పడుతుంటే, ఎవరి దగ్గర తేడా వస్తోందో వెతుకుతాం. తక్కువ క్రెడిట్ స్కోరు వాళ్ళా, ఈమధ్యే చాలాచోట్ల అప్పుకి అప్లై చేసినవాళ్ళా, ఆదాయానికి రుజువు చూపనివాళ్ళా? తేలాక అక్కడ బిగిస్తాం. స్కోరు కటాఫ్ పెంచుతాం, మొదటి లిమిట్ తగ్గిస్తాం, ఆదాయం కాగితాలు అడుగుతాం. పాత కార్డుల్లో వాడకుండా ఉన్న లిమిట్‌ని కూడా కోస్తాం, ఎందుకంటే ఉద్యోగం పోయిన మనిషి చెయ్యి ముందు పడేది దానిమీదే. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అమెరికాలో చాలా కంపెనీలు ఈ పని చేశాయి. స్కోరు నిన్నటిదాకా కట్టావా లేదా అన్నదే చెప్తుంది. వచ్చే నెల జీతం పడుతుందో లేదో దానికి తెలీదు. పైగా కార్డు బాకీకి ఇల్లూ బంగారం తాకట్టు ఉండవు. అక్కడ 180 రోజులు కట్టకపోతే ఆ మొత్తాన్ని నష్టం కింద రాసుకోవాల్సిందే.

ఇక్కడి బ్యాంకులు జాగ్రత్త పడటానికీ కారణం ఉంది. 2023 నవంబరు 16న రిజర్వ్ బ్యాంక్, బ్యాంకులిచ్చే క్రెడిట్ కార్డు బాకీల మీద రిస్క్ వెయిట్‌ని, అంటే ఆ బాకీకి ఎంత మూలధనం ఉంచాలో లెక్కకట్టే శాతాన్ని, 125 నుంచి 150కి పెంచింది. కనీస మూలధనం 9 శాతం లెక్కన, 100 రూపాయల కార్డు బాకీ వెనక బ్యాంకుకి ఉండాల్సిన సొంత మూలధనం 11.25 నుంచి 13.50 రూపాయలకి పెరిగింది. అలాంటప్పుడు బ్యాంకు ముందుగా వెనకాడేది తనకి అర్థంకాని దరఖాస్తుల దగ్గరే. ఎవరు అప్పులు ఎలా కట్టారో లెక్క ఉంచే సిబిల్‌లో బాబాయ్ పేరు మీద చరిత్ర లేదు. ఎప్పుడూ అప్పు చేయని మనిషికి 300 నుంచి 900 లోపు ఏ స్కోరూ ఉండదు.

ఇందులో కొంత ఆ రోజే చెప్పాను. "పనులు తగ్గిన ఏడాది నువ్వూ కాంట్రాక్టర్లకి ఖాతా ఆపేశావు కదా బాబాయ్" అని కూడా అన్నాను.

"ఆపాను. ఎదురుగా కూర్చోబెట్టి, పాత బాకీ ఇంతుంది, నీ బిల్లు పాసయ్యాక రా అని చెప్పి ఆపాను. ఏం చేస్తే మళ్ళీ సరుకిస్తానో వాడికి తెలుసు. మరి నాకు ఏం తెలిసింది?"

ఈ మాటే అప్పట్నుంచీ నన్ను వదలట్లేదు, ఎందుకంటే అమెరికా వెళ్ళిన కొత్తలో నాకూ కార్డు ఇవ్వలేదు. విశాఖ డాబాగార్డెన్స్ బ్రాంచిలో ఉన్న బ్యాంకు ఖాతా, ఇక్కడ చేసిన ఉద్యోగం, ఏవీ అక్కడ లెక్కలోకి రాలేదు. ఆ కోపం చాలాకాలం ఉంది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ కాదన్న కంపెనీ ఇంటికి ఉత్తరం పంపింది. రుణ చరిత్ర సరిపోను లేదని అందులో స్పష్టంగా రాశారు. నా వివరాలు ఏ క్రెడిట్ బ్యూరో (సిబిల్ లాంటి సంస్థ) నుంచి తెచ్చారో, 60 రోజుల్లోగా ఆ రిపోర్టు నేను ఉచితంగా ఎలా తెప్పించుకోవచ్చో కూడా రాశారు. అది చదివాక ఏం చేయాలో తెలిసింది. డిపాజిట్ కట్టి సెక్యూర్డ్ కార్డు తీసుకున్నాను, సరుకులు దానిమీద కొని బిల్లు నెలనెలా పూర్తిగా కట్టాను.

ఆ ఉత్తరం వాళ్ళ మంచితనం కాదు, చట్టం. 1974లో వచ్చిన ఈక్వల్ క్రెడిట్ ఆపర్చునిటీ యాక్ట్ కింద 30 రోజుల్లో నిర్ణయం తెలపాలి. కాదంటే అసలు కారణాలు చెప్పాలి, లేదా వాటిని అడిగే హక్కు ఉందని చెప్పాలి. మా అంతర్గత విధానం అని రాస్తే అది కారణం కింద చెల్లదని ఆ నిబంధనల్లోనే ఉంది. కంప్యూటర్ మోడల్ క్లిష్టమైనది కాబట్టి కారణం చెప్పలేం అంటే కుదరదని 2022లో అక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ మళ్ళీ గుర్తుచేసింది. ఒక కారణాన్ని సామాన్యుడికి అర్థమయ్యేలా ఎలా రాయాలని మా టీమ్ గంటలు గంటలు వాదించుకుంటుంది. ఆ దేశంలో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి, ఈ ఒక్కటి మాత్రం మనసారా నచ్చింది.

మన దగ్గర రూలు లేక కాదు. 2022 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కార్డు దరఖాస్తుని తిరస్కరిస్తే ముఖ్య కారణాలు రాతపూర్వకంగా చెప్పాలి. బాబాయ్‌కి వచ్చిన మెసేజ్‌లో కారణమే లేదు. 1981లోనే క్రెడిట్ కార్డులు మొదలుపెట్టిన ఆంధ్రా బ్యాంకు మనదే, 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయేదాకా. "ఆ రోజుల్లో మేనేజరు కాదన్నా ముఖాన్నే చెప్పేవాడు" అంటాడు బాబాయ్. ఆ మేనేజరు ఎంతమందిని కులం చూసో, సిఫారసు చూసో కాదన్నాడో మనకి తెలీదు. ఆ పద్ధతి మళ్ళీ రావాలని నేను అనుకోను. స్కోరుతోనే కాదనండి, ఏ స్కోరో, ఎందుకో చెప్పండి.

మర్నాడు ఇద్దరం కూర్చుని బ్యాంకుకి మెయిల్ పెట్టాం, తిరస్కరించిన ముఖ్య కారణాలు రాసి పంపమని. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఫీజు లేకుండా ఫిర్యాదు చేయొచ్చు. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద కార్డు తీసుకుంటే చరిత్ర మొదలవుతుందని కూడా చెప్పాను. ముందు వాళ్ళ జవాబు రానీ, తర్వాత చూద్దాం అన్నాడు బాబాయ్. నేనూ సరేనన్నాను.