గులాబీ జగ్గు ఎవరు చేశారు?

శనివారం. ఇంగ్లండ్‌లో మా ఊరు సండర్లాండ్‌లో రోజంతా వాన. ఇడ్లీ పిండి రుబ్బడం, బట్టలు ఆరేయడం అయ్యాక, పాతసామాన్ల సంతలో కొన్న జగ్గు ముందేసుకుని కూర్చున్నాను. "పాలు పోయవు, పూలు పెట్టవు, ఎందుకది నీకు?" అన్నారు మా ఆయన.

ఒకవైపు వేర్ నది మీద ఇనుప వంతెన అచ్చుబొమ్మ. రెండోవైపు నావికుడి వీడ్కోలు పద్యం. చుట్టూ చిందినట్టు గులాబీ మెరుపు. ఆ రంగు బంగారంతో వస్తుంది! గ్లేజు, అంటే పాత్ర మీది గాజుపూత, దాని మీద పల్చగా పూసి, తక్కువ వేడిలో మళ్ళీ కాలుస్తారు. అదే బంగారం గోధుమరంగు మట్టి మీద పడితే రాగిలా కనిపిస్తుంది. వెండిలా మెరిసే పాత్రల్లో ఉండేది ప్లాటినం.

అమ్మినాయన "సండర్లాండ్, 1800" అని చీటీ అంటించాడు. గులాబీగా ఉంటే చాలు, సండర్లాండ్ అనేస్తారు. న్యూకాజిల్‌లోనూ స్టాఫర్డ్‌షైర్‌లోనూ ఇవి చేశారు. వంతెన తెరిచింది 1796లో. దాని బొమ్మ మాత్రం ఆ తర్వాత దశాబ్దాల పాటు వేస్తూనే ఉన్నారు. అంటే బొమ్మను బట్టి సంవత్సరం చెప్పలేం.

అడుగున పచ్చిమట్టిలో నొక్కిన ముద్ర ఉంటే, పాత్ర ఎవరు చేశారో చాలావరకు నమ్మొచ్చు. బొమ్మతోపాటు అచ్చయిన పేరుతోనే చిక్కు. అది బొమ్మను అచ్చువేసే రాగి రేకు మీద చెక్కిన పేరు. కార్ఖానా మూతపడితే ఆ రేకులు వేరేవాళ్ళ చేతికి పోయేవి, ఒక్కోసారి పాత పేరుతోనే. సండర్లాండ్‌లోని గ్యారిసన్ పాటరీ అనే కార్ఖానా పేర్లు కాలం చెప్పడానికి కొంత నయం, భాగస్తులు మారినప్పుడల్లా మారాయి. ఒక దశలో డిక్సన్, ఆస్టిన్. తర్వాత ఫిలిప్స్ పేరు చేరింది. చివరికి, 1865లో మూతపడేదాకా, డిక్సన్, ఫిలిప్స్.

నా జగ్గుకి ఏ ముద్రా లేదు. అందుకే మధ్యాహ్నమంతా భూతద్దం పట్టుకుని, పేరున్న జగ్గుల ఫొటోలతో పోల్చాను. ఇదే వంతెనను చాలామంది విడివిడిగా చెక్కించుకున్నారు కాబట్టి, వంతెన కలిసిందంటే లాభం లేదు. వంతెన బొమ్మలోని ఓడకి తాళ్ళెన్ని, మబ్బు ఎక్కడ తెగింది, పద్యం ఏ మాట దగ్గర పంక్తి విరిగింది, ఇవి కలవాలి. ఓడ తాళ్ళు డిక్సన్ వాళ్ళ అచ్చుతో సరిగ్గా సరిపోయాయి. పద్యం వైపు ఎక్కడా కలవలేదు. రెండు వైపులా ఒకే కార్ఖానాకి కుదిరితే తప్ప నాకు నమ్మకం కుదరదు. నోట్‌బుక్‌లో "గ్యారిసన్ కావచ్చు" అని పెన్సిల్‌తో రాశాను. బేరగాళ్ళకి "కావచ్చు" అంటే గిట్టదు, ధర పడిపోతుందని.

బర్డన్ రోడ్డు మ్యూజియంలో ఇవి బోలెడున్నాయి. వచ్చే శనివారం పద్యాల సంగతి చూడాలి. డ్రైవింగ్ ఆయనదే, పులిహోర నాది.