వచ్చిందా, వచ్చాడా? లే ప్రీచర్ ఇంటర్వ్యూలో నా అనుభవం

నిన్న సాయంత్రం లే ప్రీచర్ సర్టిఫికెట్, అంటే పాస్టరు కాకపోయినా చర్చిలో ప్రసంగించడానికి అనుమతి, చేతికొచ్చింది. రెండో ప్రయత్నంలో. మొదటిసారి ఎందుకు పోయిందో మా సంఘంలో ఇప్పటికే నలుగురు నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు కాబట్టి అసలు సంగతి నేనే రాసేస్తున్నా.

ఫారం, రెండు ఫోటోలు, అయ్యగారి సిఫారసు లేఖ ఒక్క రోజు పని. బాప్తిస్మం సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందుంది, ఆధార్‌లో వెనకుంది అని ఆఫీసు గుమాస్తా మూడుసార్లు తిప్పాడు. నాలుగోసారి అదే కాగితం ఇస్తే ఏమీ అనకుండా తీసుకున్నాడు. భోజనానికి ముందు మాత్రం అక్కడికి వెళ్లకండి.

ఆరు నెలలు శనివారం శనివారం ఉప్పల్ నుంచి సికింద్రాబాద్‌కి మెట్రోలో వెళ్లి క్లాసులు విన్నాను. త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ వేరు, దేవుడు మాత్రం ఒక్కడే), నరావతారం, కృప, విమోచన అన్నీ బట్టీ పట్టాను. సిద్ధాంతాలు తేల్చిన పాత సంఘ సభల ఏళ్లు కూడా: నైసియా 325, కాన్‌స్టాంటినోపుల్ 381, కల్సెదోను 451. నిద్రలో లేపి అడిగినా చెప్తా. రాత పరీక్షలో 78 మార్కులు, మా బ్యాచ్‌లో నాదే ఎక్కువ. ఈ ముక్క ఇక్కడ కాకపోతే ఎక్కడ చెప్పుకోవాలి?

ఇంటర్వ్యూలో ముగ్గురు. మధ్యలో ఛైర్మన్, రిటైరైన పాస్టరు గారు. అటూ ఇటూ ఒక అమ్మగారు, ఒక యువ పాస్టరు. త్రిత్వానికి నీరు, మంచు, ఆవిరి ఉపమానం చెప్తే అక్కడికక్కడే దొరికిపోతామని సీనియర్లు ముందే చెప్పారు. ఒకే దేవుడు ఒకసారి తండ్రిగా, ఒకసారి కుమారుడిగా, ఒకసారి ఆత్మగా వేషం మార్చినట్టవుతుంది. మూడో శతాబ్దంలో సబెల్లియస్‌ను సంఘం తప్పుపట్టింది అందుకే. ఆ గోతిని హాయిగా దాటేశాను. తర్వాత పెంతెకొస్తు దినం గురించి అయిదు నిమిషాలు ప్రసంగించమన్నారు. నాకు పండగే అనుకున్నా.

రెండో వాక్యం దగ్గరే ఆపేశారు.

"బ్రదర్, ఇప్పుడేమన్నారు?"

"పరిశుద్ధాత్మ శిష్యుల మీదికి దిగి వచ్చింది అన్నానండి."

"వచ్చిందా? ఏది వచ్చింది? కరెంటా?"

యువ పాస్టరు నోటికి కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నాడు. నాకు తప్పేంటో అర్థం కాలేదు గానీ దిద్దుకోవాలని మాత్రం తెలిసింది. మర్యాదగా ఉంటుందని "వచ్చారు" అన్నాను.

"ఎంతమంది?"

ఈసారి అమ్మగారు కూడా నవ్వేశారు. నా వయసు నలభై మూడు. పదో తరగతి తర్వాత అలా తెల్లమొహం వేసుకుని నిలబడటం మళ్లీ ఇదే. టేబుల్ మీద మూడు కప్పుల టీ, ఒక ప్లేటులో ఉస్మానియా బిస్కెట్లు. ఆయన ఒక బిస్కెట్ ముంచుకుంటూ, తొందరేం లేదన్నట్టు, "పౌలు ఎఫెసీ సంఘానికి రాసిన పత్రికలో దేవుని పరిశుద్ధాత్మను దుఃఖపరచకుడి అనుంది. కరెంటు దుఃఖపడుతుందా బ్రదర్?" అన్నారు. మూడు వారాలాగి రమ్మన్నారు.

తిరుగు మెట్రోలో బైబిల్ తీశాను. ఆదికాండంలో "దేవుని ఆత్మ జలములపైన అల్లాడుచుండెను." ఉండెను! రాముడు వచ్చెను, సీత వచ్చెను, బండి వచ్చెను. పాత తెలుగులో ఆ క్రియ ఎవరో ఏదో బయటపెట్టదు. చిన్నప్పటి నుంచీ మనం ఆ "ఎను" చాటున హాయిగా బతికాం. వాడుక భాషలోకి దించగానే తేల్చుకోక తప్పదు: వచ్చాడా, వచ్చిందా? రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో మాత్రం ఆత్మ గురించి "విజ్ఞాపనము చేయుచున్నాడు" అని మన తెలుగు బైబిల్లోనే తేల్చి పెట్టారు. నలభై ఏళ్లుగా చదువుతున్నా, ఒక్కసారీ కంట పడలేదు.

ఇంటికెళ్లి అమ్మతో అంటే, "నేనూ ఆత్మ వచ్చింది అనే అంటానురా, నన్నెవరూ ఆపలేదే" అంది. నిన్ను ఇంటర్వ్యూ చేసే ధైర్యం ఎవరికుందమ్మా అన్నాను.

ఆ మూడు వారాలు కోపంతో చదివాను. మామూలుగా చదివినదానికంటే కోపంతో చదివింది బాగా ఎక్కుతుంది. పాత నిబంధన మూల భాష హెబ్రీలో ఆత్మ అనే మాట సాధారణంగా స్త్రీలింగం, ఆదికాండం వచనంలో క్రియ కూడా అంతే. తొలినాళ్ల సిరియా భాషా క్రైస్తవులు ఆత్మను తల్లితో పోల్చి రాశారు. కొత్త నిబంధన మూల భాష గ్రీకులో ఆ మాట నపుంసకం. కానీ యోహాను సువార్తలో యేసు ఆత్మను ఆదరణకర్త అంటాడు, ఆ గ్రీకు మాట పుంలింగం. నజియాంజు గ్రెగొరీ అనే బిషప్పు 380 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపుల్ ప్రసంగంలో ఇదే విషయమై ఎగతాళి చేశాడు: తండ్రి అన్నాం కదా అని దేవుడు మగవాడా, మాట నపుంసకమైతే ఆత్మ కూడా నపుంసకమా అని. ఆయనకంటే ముందు బాసిలు అనే ఇంకో బిషప్పుదీ ఇలాంటి గొడవే. స్తుతి చెప్పేటప్పుడు "పరిశుద్ధాత్మలో" అని ఊరుకోకుండా ఒక్కోసారి "పరిశుద్ధాత్మతో కూడ" అన్నాడని ఆయన మీద ఫిర్యాదులు. దానికి జవాబుగా ఒక పుస్తకమే రాశాడు. అంటే విభక్తి ప్రత్యయం కోసం! ఆత్మను దేవుడికంటే ఒక మెట్టు కింద పెట్టేవాళ్లకు 381లో విశ్వాస ప్రమాణంలోనే (సంఘం ఏం నమ్ముతుందో చెప్పే మాటల్లోనే) జవాబిచ్చారు, తండ్రితోను కుమారునితోను కూడా ఆరాధింపబడేవాడని.

ఇది చదివాక ఛైర్మన్ గారి మీద కోపం సగం దిగింది. సగమే. ఆయన అడిగింది సరైనదే, అడిగిన తీరు మాత్రం కాదు. దేవుణ్ణి మనం "నీవు" అంటాం, కమిటీ పెద్దల్ని "మీరు" అనకపోతే ఫైలు కదలదు. అయినా ఆ కరెంటు మాట మన ఊళ్లో కొందరు స్టేజీ ప్రసంగీకులకు వినిపించాలి. "పవర్ దిగుతోంది, చేతులు చాపండి" అంటూ ఆత్మను ట్రాన్స్‌ఫార్మర్ చేసేశారు. వాళ్లనెవరూ మూడు వారాలాగి రమ్మనరు.

రెండోసారి అదే ప్రశ్న. నేను చెప్పింది ఇది: "వచ్చాడు అంటానండి. మగవాడని కాదు. మన తెలుగులో ఆమెకూ అదికీ క్రియ ఒకటే. వచ్చింది అంటే ఎవరో వచ్చారో ఏదో వచ్చిందో తెలియదు. ఏదో కాదు అని చెప్పడానికి నాకు దొరికిన మాట ఇదొక్కటే."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. అమ్మగారు, "మరి నాలాంటి వాళ్లకు ఆ ‘డు’ ఎప్పుడూ కాస్త పరాయిగానే ఉంటుంది, దానికేం చేస్తారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు, లేదనే చెప్పాను. ఆవిడే ముందు సంతకం పెట్టారు. ఛైర్మన్ గారు, పరిశుద్ధాత్మ దేవుడు అనడం అలవాటు చేసుకోమని చెప్పి తర్వాత పెట్టారు. సర్టిఫికెట్ మీద నా ఇంటిపేరు వెనక పడింది.

వెళ్లబోయే వాళ్లకు ఒకటే చెప్తాను. గైడ్లు పక్కన పడేసి, మీరు చెప్పబోయే ప్రసంగాన్ని ఇంట్లో వాడుక భాషలో బయటికి చదవండి, క్రియల దగ్గర ఆగుతూ. వచ్చే ఆదివారం రెండో ఆరాధనలో నా మొదటి ప్రసంగం. నోట్సు సిద్ధం. ఆత్మ అని ఉన్న ప్రతి వాక్యం చివర క్రియకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. లెక్కపెడితే పందొమ్మిది.